గ్లూటెన్-ఫ్రీ లెఫ్సా

చర్చి కింది హాల్లో అందరూ చూస్తుండగా, మారిట్ నోటిదాకా తీసుకెళ్లిన రొట్టెను గన్నర్ లాక్కున్నాడు.

ఆమె సంగీతం టీచరుగా మినెసోటాలోని ఈ ఊరికి వేసవి చివర్లో వచ్చింది. బుధవారం విందుకు తలా ఒక వంటకం తెచ్చి, దాని ముందు పేరు రాసిన కార్డు పెట్టడం ఇక్కడి అలవాటు. మారిట్ మాత్రం తన డబ్బాలోదే తినేది. గోధుమ ఏమాత్రం తగిలినా ఆమె పేగులకు పడదు. అది తెలిసి కూడా, మన వంట ఆమె కంటికి ఆనదులెమ్మని ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవారు. క్రిస్మస్ సెలవులకు వెళ్తే మళ్లీ రాదని పుకారు.

ఆ పుకారుతో ట్రాక్టర్ మెకానిక్ గన్నర్‌కు నిద్ర కరువైంది. ఆమెతో సరిగ్గా మాట్లాడింది కూడా లేదు. అయినా బంగాళాదుంపలు ఉడికించి, గోధుమపిండి బదులు బియ్యప్పిండి కలిపి, పల్చటి లెఫ్సా రొట్టెలు కాల్చుకొచ్చాడు. గోధుమ లేదని తెలిసేలా కార్డు మీద 'గ్లూటెన్-ఫ్రీ' అని పెద్దగా రాశాడు.

మారిట్ ఆ మాట రెండుసార్లు చదివి, నిజమేనా అని అడిగింది. గోధుమపిండి చిటికెడైనా వెయ్యలేదన్నాడు. ఆమె తన డబ్బా మూసేసి, ఒక రొట్టె తీసుకుని తన కుర్చీ దగ్గరికి వెళ్లింది.

అప్పుడే పక్క బల్ల దగ్గర అతని బామ్మ ఆర్డిస్ గొప్పలు పోతోంది.

"వాడు ఒత్తింది నా రొట్టెల కర్రతోనే. దానికి తొడిగిన గుడ్డ నేను కాపరానికొచ్చినప్పటిది. ఒక్కనాడూ ఉతకలేదు. అందులో పట్టిన గోధుమపిండి వల్లే రొట్టె అంటుకోదు."

గన్నర్ అది విన్నాడు. కుర్చీలు తోసుకుంటూ పరుగెత్తాడు.

పెట్టినట్టే పెట్టి లాక్కున్నాడేమిటని ఎవరో గొణిగారు. మారిట్ ముఖం కందిపోయింది.

"తిన్నారా?" గన్నర్ అడిగాడు.

"తిననిస్తేగా. ఏమైంది?"

గుడ్డ సంగతి దాచకుండా చెప్పేశాడు. కార్డు మీద మాట కొట్టేశాడు. "పిండి వెయ్యకపోతే చాలనుకున్నాను."

మారిట్ తన డబ్బా మళ్లీ తెరిచింది.

"పిండి తగిలిన గిన్నె, కర్ర, చెయ్యి ఏదీ తగలకపోతేనే ఆ మాట రాయాలండీ. ఇదివరకు దాన్ని నమ్మి తిని మంచం పట్టినదాన్ని. గుడ్డకున్నది ఎంతలే అని ఊరుకునేవాళ్లే అందరూ. నోటి దగ్గర లాక్కున్నది మీరొక్కరే."

అని నవ్వేసింది.

తర్వాతి బుధవారం మళ్లీ లెఫ్సా వచ్చింది. ముందున్న కార్డు ఖాళీగా ఉంది.

"పెనం?" మారిట్ పోలీసులా నిలబడి అడిగింది.

"కొత్తది."

"కర్ర?"

"నేనే చెక్కాను. గుడ్డ లేదు."

"బామ్మగారు?"

"నా వంటింట్లోంచి నన్నే గెంటాడమ్మా," అంది ఆర్డిస్. "మంచులో గొడ్లపాకలో కూర్చున్నాను. ఎవరి కోసమో వాడినే చెప్పమను."

గన్నర్ చెవులు ఎర్రబడ్డాయి. "ముందు తిననీ బామ్మా."

మారిట్ కలం తీసుకుంది. ఖాళీ కార్డు మీద 'గ్లూటెన్-ఫ్రీ' అని తనే రాసింది. వెన్న రాసి, చక్కెర చల్లిన రొట్టెను చుట్టి కొరికింది. హాలంతా అటే చూసింది. ఆమె నమిలి, మింగి, ఇంకోటి తీసుకుంది.

"సెలవుల నుంచి వచ్చాక ఇవి మళ్లీ కావాలి," అంది.

"వస్తారా?"

"వస్తాను. ఎవరి కోసం గెంటారో ఇప్పుడు చెప్పండి."

గన్నర్ చెప్పాడు.