మొదటి చుక్క

నిర్మల్‌లో కోట దగ్గర పాతకాలపు సింగారం దుకాణం ఒకటి సందర్శకుల కోసం మళ్లీ కట్టారు. చెక్క అల్మారాలు, మసకబారిన నిలువుటద్దం, గోడకు వేలాడే సవరాలు, స్నో సీసాలు, తిలకం బుడ్లు. చూడ్డానికి వచ్చినవాళ్లు కొనుక్కోవచ్చు కూడా. అక్కడ అమ్మే కాటుక నాది. మెట్‌పల్లిలో మా ఇంటి వెనక ఆముదం దీపం పెట్టి, మసి పట్టి నేనే చేస్తాను. ఈ దుకాణంలో నిలదొక్కుకుంటే ఇంకా ఆర్డర్లు వస్తాయి. లేదంటే మా బాపు వెంట మరమగ్గాల షెడ్డుకు పోవడమే.

"మళ్ల గదే కథ, సృజనా." మేనేజర్ సదానందం డబ్బా నా ముందుకు తోశాడు. గాజు మూత కింద, నున్నటి కాటుక మధ్యలో వేలికొస అంత గుంట. "ఎవలో వాడిన కాటుకను ఎట్ల అమ్మాలె?"

ఇది మూడోసారి.

"అంటించిన టేపు అంటించినట్టే ఉన్నది. వేలెట్ల పోతది సార్?"

"నన్నడుగుతవేంది? లెక్కలల్ల తేజ్ గదా, నువ్వే చెప్పు."

లెక్క తెలుసు. పన్నెండింట్లో ఒకటి పాడైనా నాకేమీ మిగలదు. పొద్దుటి నుంచి కొత్త బూట్లు కరుస్తున్నాయి, దానికి తోడు ఈ ఎత్తిపొడుపు.

"ఇయ్యాల నేనే కూసుంట. దొంగను పట్టిస్త."

"కూసో. పొద్దుగూకినంక తాళమేస్త, గంతవరకే."

దుకాణం ఊడ్చే ఐలవ్వ నా పక్కన ఆగింది. "కొత్త కాటుక పట్టినంక మొదటి చుక్క ఎవలికి పెడ్తున్నవ్ బిడ్డా?"

మా దిక్కు పసిపిల్ల అరికాలికి పెట్టాకే ఎవరైనా కళ్లకు పెట్టుకుంటారు.

"మా ఇంట్ల చంటిపిల్లలు లేరవ్వా. సీదా డబ్బాలల్ల నింపుత."

"పక్కింట్లనన్న అడగకపోయినవా?"

"అమ్ముకునేదానికి గవన్నెందుకు?"

ఆమె చీపురు ఆపింది. "మొదటి చుక్క పెట్టేటామె ఊకోదు. పసికాలు దొరికేదాక ఎతుకుతది."

నాకు ఒళ్లు మండింది. వేళ్లు పెడుతున్నది ఈమేనేమో అనుకున్నాను.

ఐలవ్వ వెళ్లిపోయింది. సదానందం బయట ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను కౌంటరు వెనక స్టూలు మీద కూర్చున్నాను. వెలుతురు తగ్గింది. అంతలో కరెంటు పోయింది.

సవరాల కొబ్బరినూనె వాసన గది నిండా ముసిరింది. దాని వెనకే మరో వాసన... కాలుతున్న ఆముదం. దుకాణంలో దీపం లేదు.

ఫోన్ లైటు వేశాను. డబ్బాలు వరుసగా ఉన్నాయి. చివరి డబ్బా మీద లైటు ఆపాను.

గాజు మూత కింద... కాటుక మెల్లగా లోపలికి నొక్కుకుంది.

టేపు కదల్లేదు. ఎవరూ లేరు. గుంట మాత్రం పడింది... నేను చూస్తుండగానే.

బయట సదానందం మాట ఆగింది. లేదా నాకు వినబడలేదు.

కౌంటరు కింద ఏదో కదిలింది.

"కాలియ్యి..."

ఆడగొంతు. చాలా మెల్లగా. బుజ్జగిస్తున్నట్టు.

"ఇయ్యి బిడ్డా..."

నా ఎడమ మడమను ఎవరో అరచేతిలోకి తీసుకున్నారు. గట్టిగా కాదు. స్నానం పోసేటప్పుడు పసిపిల్ల కాలు పట్టుకుంటారే... అట్లా.

స్టూలు పడిపోయింది. ఎట్లా బయటపడ్డానో తెలియదు.

"దొరికిండా నీ దొంగ?" సదానందం నవ్వుతూ తాళం వేశాడు.

బస్సులో కాళ్లు పైకి పెట్టుకునే కూర్చున్నాను. ఇంటికొచ్చి బూట్ల తాళ్లు విప్పాను. రెండు ముడులూ నేను వేసినట్టే ఉన్నాయి. సాక్స్ తెల్లగా ఉంది. దాని లోపల, ఎడమ అరికాలి నడుమ, గుండ్రంగా నల్లటి చుక్క.

సబ్బు పెట్టినా పోలేదు. నూనె పెట్టినా పోలేదు.

పొద్దున్నే సదానందం ఫోన్ చేశాడు. "ఆఖరి డబ్బ తీసేసిన. మిగిలినయన్ని మంచిగున్నయ్. ఫికర్ చెయ్యకు, ఇగ నెలనెలా పంపు."

నేను ఎదురుచూసిన మాట. సరేనన్నాను. బజారుకు బయల్దేరదామని బూట్లు వేసుకున్నాను.

కుడిది ఇంకా కరుస్తోంది. ఎడమది మాత్రం ఎంత బిగించి కట్టినా వదులుగానే ఉంది. మడమ వెనక, నిన్నటిదాకా కరిచిన చోట, నా వేలు దూరింది.

సాయంత్రానికి రెండు వేళ్లు దూరాయి.