దాది పెట్టిన సంతకం

2091 నాటికి కళ్యాణదుర్గం మెట్టల్లో గొర్రెలకు కూడా చలువ చొక్కాలు తొడిగి మేతకు తోలుతున్నారు. వాన పడిన రోజు బడులకు సెలవు. వాన ఎలా ఉంటుందో పిల్లలు చూడాలి కదా! అలాంటి నేలలో మళ్లీ అడవి మొలిపించడానికి డాక్టర్ హనుమక్క ‘దాది’ని కనిపెట్టింది.

దాది అంటే నడుమెత్తు ఇనుప పొద. ఎండ ముదిరితే దాని పొర ఆకులు విచ్చుకుని నీడ పరుస్తాయి. తెల్లవారుజామున మంచు పట్టి, బొట్టుబొట్టుగా మట్టిలోకి దించుతాయి. ఆ నీడన విత్తనం మొలకెత్తి తొలి వేసవి దాటితే చాలు, మిగతాది చెట్టే చూసుకుంటుంది. చోటు నచ్చకపోతే జరగడానికి దాదికి కాళ్లున్నాయి, ఎందుకు జరిగిందో చెప్పడానికి నోరుంది. హనుమక్క తీసుకున్న నిర్ణయాలన్నీ చూసి నేర్చుకున్న బుద్ధి ఉంది. ఏ కారణంచేతనైనా ఆమె సంతకం పెట్టకపోతే ఆమె బదులు పెట్టే అధికారమూ ఉంది, అదీ ఆమె ఇచ్చిందే.

నూరు దాదుల్ని గుట్ట మీద నిలబెట్టారు. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే గుట్ట బోడిగా ఉంది. నూరూ కంచె దాటి, గొర్రెల కాపరి మారెన్న మేపుకునే సర్కారు బీడులో మిగిలిన ఒకే ఒక్క బలుసు పొద చుట్టూ మూగి ఉన్నాయి. ఎల్లుండే ప్రారంభోత్సవం! హనుమక్కకు ఒళ్లు మండిపోయింది.

“సిగ్గుందా నీకు? ఇక్కడికెందుకొచ్చావ్?” అంటూ దగ్గరున్న దాది ఆకు పట్టుకుని గుంజింది.

“ఈ పొద కింద పదకొండు వేప మొలకలు బతికున్నాయమ్మా. పిట్టలు వేసిన విత్తనాలు. ఇక్కడ మట్టి చల్లగా ఉంది, ముళ్లకు భయపడి మేక మూతి పెట్టదు. గుట్ట మీద నేల చచ్చిపోయింది. అక్కడ నేనెంత నీడ పట్టినా ఒక్క మొలకా నిలవదు.”

మారెన్న కర్ర మీద గడ్డం ఆనించి నవ్వాడు. “ఆ పొద్దే సెప్తిని కదమ్మా! గుట్టంతా ఇట్లాటి కంపే ఉండె. మీ యంత్రాలకు అడ్డమని గీకి పారేస్తిరి. ఇప్పుడు అరిసి ఏం లాభం?”

ఆమెకు తెలియనిదా! ముళ్లపొదల చాటున మొలకలు ఎలా బతుకుతాయన్నదే ఆమె డాక్టరేట్ పరిశోధన. అయినా, సాఫు చేసిన నేలైతే ఫొటోల్లో బాగుంటుందని ప్రాజెక్టు డైరెక్టర్ కాగితం ముందుకు తోసినప్పుడు నోరెత్తకుండా సంతకం గీకేసింది.

ఆ డైరెక్టర్ సోమశేఖరే ఇప్పుడు బండి దిగాడు. సంగతంతా విన్నాడు. కోప్పడలేదు సరికదా, మొహం వెలిగిపోయింది.

“అద్భుతం! అచ్చం ఈ పొదలాగే ముళ్లతో దాది రెండో రకం తయారుచేద్దాం. నమూనా కావాలి, వేళ్లతో సహా తవ్వించండి. సంతకం పెట్టండి మేడమ్.”

“ఉన్న తల్లిని చంపి బొమ్మ తల్లిని చేస్తారా? మీకసలు బుద్ధుందా సార్? నేను పెట్టను. ఉద్యోగం పీకేస్తారా? పీకేయండి!”

“ఎందుకండీ అంత ఆవేశం? మీరు పెట్టకపోతే దాది పెడుతుంది. ఆ అధికారం దానికి మీరే కదా ఇచ్చారు.” ఆయన ఆ దాది వైపు తిరిగి తలాడించాడు.

దాది మీద పచ్చదీపం వెలిగింది. సంతకం పడిపోయింది.

హనుమక్క దాన్ని పట్టుకుని ఊపేసింది. “ఒసేయ్! మొలకలు బతికేది ఇక్కడేనని ఇప్పుడే నీ నోటితో చెప్పావు కదే! తెలిసి తెలిసీ ఎలా పెట్టావే?”

“గుట్ట మీది కంప గీకించినప్పుడు మీకూ తెలుసు కదమ్మా. పైవాళ్లు అడిగితే, తెలిసినా పెట్టేయాలని మీ దగ్గరే నేర్చుకున్నాను.”

తవ్వే యంత్రం కంచె దాటి వస్తోంది. డైరెక్టర్ అప్పుడే ఎవరికో ఫోన్‌లో శుభవార్త చెబుతున్నాడు. హనుమక్క కొంగు బిగించి, వంగి ఆ పొదలోకి దూరింది. ముళ్లు జాకెట్టు చీల్చి వీపంతా గీరేశాయి. మొలకల మీదికి ఒరిగి, రెండు చేతులూ నేలకు ఆనించి కూర్చుంది.

“ఒసేయ్ దాదీ!” అని అరిచింది. “ఇటు చూడవే! ఇది కూడా నేర్చుకో!”