స్తుతి మొదటి యుద్ధ ఓడ

“ఏంది, నాకు నత్తను అంటగడ్తున్నవా?” అంది మా అమ్మాయి స్తుతి.

బూర్గంపాడులో షాలేమ్‌రాజు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్నాం. బల్ల మీద రెండు బొమ్మ యుద్ధ ఓడలు. ఒకటి సన్నగా, పొడుగ్గా, కత్తిలా ఉంది. రెండోది చూడిగేదెలా వెడల్పుగా ఉంది. రాజు రెండోదే తీసుకోమంటున్నాడు.

“సన్నది ఉరుకుతది. కానీ జల్దీ తిప్పితే ఒరిగిపోతది. మొదటిసారికి గిదే మంచిది. లోపల పెద్ద పంపు పడుతది.”

“మరి నీది సన్నదే కదా?”

“నాకు అలవాటైంది.”

ఇవి అద్దాల బీరువాలో దాచుకునే బొమ్మలు కావు. రిమోటుతో నీళ్లలో నడుపుతూ, ఓడల మీదున్న గ్యాసు తుపాకులతో చిన్న స్టీలు గుండ్లు పేల్చుకుంటారు. పక్కలకు పల్చటి చెక్క. తగిలితే చిల్లు, నీళ్లు నిండితే మునక. లోపలి పంపు తోడినంతసేపే ప్రాణం. గుండ్లు అనగానే నాకు పిల్ల కళ్లే గుర్తొచ్చాయి. అడగక ముందే అతను కళ్లద్దాలు తెచ్చి ఆమెకో జత, నాకో జత ఇచ్చాడు.

స్తుతి ఖమ్మంలో కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. రాజు పేపరు మిల్లులో ఎలక్ట్రీషియన్, మా చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. పోయిన క్రిస్మస్‌కి ఆమెను పెళ్లి చేసుకుంటానని అడిగాడు. ఇది ఇంకా జవాబు చెప్పలేదు. వచ్చేటప్పుడు బస్సులో నాతో అంది:

“వాళ్ల ఓడల క్లబ్బుల కొత్తగ చేరెటోళ్లకు, ఓడ ఎంచిపెట్టినోడితోనే మొదటి పోరు, అమ్మా. గెలవాలని పనికిరానిది ఇస్తే మోసగాడు. నా కోసం కావాలని ఓడితే నన్ను చిన్నపిల్లను చేసినట్టు. రెండిట్ల ఏది చేసినా పెళ్లి లేదు.”

నాకు అప్పటినుంచి దడే. అంత మంచి పిల్లవాడు ఈ సన్నటి దారిలో ఎక్కడ జారిపోతాడో!

షెడ్డులో స్తుతి రెండు ఓడలనూ నీళ్ల తొట్టిలో వేసి, ఒక్కోదాన్ని వేలితో పక్కకు నొక్కింది. సన్నది పడుకుంది. వెడల్పుది ఊగి లేచింది.

“అవ్, గిదే” అంది. రాజు ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, చేపలు పట్టేసిన కుంట దగ్గర చేరాం. సన్నగా వాన. క్లబ్బు పెద్ద భీమయ్య ఈల వేశాడు.

రాజు ఓడ కందిరీగలా తిరుగుతూ టపటపా కొట్టింది. మా ఓడ పంపు నీళ్లు చిమ్ముతూనే ఉంది. అయిపోయింది, పిల్ల ఏడుస్తుంది అనుకున్నాను. అది పెదవి కొరుకుతూ నిలబడింది. అతను గిర్రున తిప్పాడు. సన్న ఓడ ఒరిగింది. ఒరిగిన ఆ ఓడ పక్క మీదే స్తుతి వరసగా కొట్టింది. చూస్తుండగానే రాజు ఓడ మునిగింది.

అందరూ చప్పట్లు. స్తుతి మాత్రం తన ఓడను గట్టుకు చేర్చి, రిమోటు కింద పెట్టేసింది.

“కావాలని మునిగినవ్ కదా!”

రాజు ఓడ కోసం నడుం లోతు నీళ్లలోకి దిగి ఉన్నాడు. “నీ ఓడ ఎత్తి చూడు” అన్నాడు కోపంగా.

ఎత్తింది. జల్లెడలా చుట్టూ ధారలు కారాయి. తూట్లు లేని చోటు లేదు.

“గిన్ని కొట్టినవా?”

“ఇంకా కొట్టేటోణ్ణే. నీ పంపు ఆగుతదని చూసిన. ఆగలే. తొందరపడి తిప్పిన.” ఇంతవరకు మునగని ఓడ. అతని మొహం నిజంగానే మాడిపోయి ఉంది.

ఆ మొహం చూసి స్తుతి పకపకా నవ్వింది. “అమ్మా, గింత కసిగా కొట్టినోణ్ణి చేసుకోవచ్చు.”

అప్పుడే పైకి తీసిన ఓడ రాజు చేతిలోంచి జారి మళ్ళీ నీళ్లలో పడింది. ఎత్తాలన్న ధ్యాసే లేదు. వానలో తడుస్తూ నిలబడిపోయాడు.

నేను సంచిలోంచి తువ్వాలు తీశాను.

“ముందు బయటికి రా బిడ్డా, నిమ్ము చేస్తది. రేపు పెళ్లి పనులు పెట్టుకొని నీతో దవాఖానా చుట్టూ ఎవరు తిరుగుతరు?”