నడిచే దాల్చినచెక్క

కిందటేడు మే నెల, మూడో ఆదివారం. ఆ రోజు తిన్నది దియోలిండాకు ఇప్పటికీ గుర్తే: పుదీనా వేసిన గొడ్డుమాంసం పులుసులో నానబెట్టిన రొట్టె, చివర్న పాలతో వండిన అన్నం పాయసం. పళ్లేల్లో పోసిన పాయసం మీద దాల్చినచెక్క పొడితో తన చేత్తోనే గీతలు గీసి పువ్వులు దిద్దింది. చీటీ తీసి వారానికో ఇంట ఉంచి, రోజూ జపమాల చెప్పే చర్చివారి పరిశుద్ధాత్మ కిరీటం ఆ వారం ఆమె ఇంట్లో ఉంది. చీటీలో తమ పేరు రావాలని అమెరికాలోని ఫాల్ రివర్‌లో ఏళ్ల తరబడి ఎదురుచూసే కుటుంబాలున్నాయి.

జపమాల ముగించి అందరూ బల్ల చుట్టూ చేరారు. అప్పుడు పాయసం మీది ఒక గీత కదిలింది.

"అక్కా, నీ దాల్చినచెక్క నడుస్తోంది చూడు!" అంది తోటికోడలు నతాలియా.

అది బొద్దింక. అంతే, ఇల్లంతా ఒకటే నవ్వు. ఆ నవ్వు ఏడాది పొడుగునా చర్చి మెట్ల మీదా, చేపల కొట్టులోనూ దియోలిండా వెంటపడుతూనే ఉంది. "పాయసం పంపుతావా? నడిచేది వద్దులే" అనేవారు ఆడవాళ్లు.

ఈ ఏడు చీటీలో నతాలియా పేరు వచ్చింది. అదే ఇల్లు. కింద దియోలిండా, పైన నతాలియా. దేవుడికీ న్యాయం తెలుసనుకుంది దియోలిండా.

కిరీటం రాబోయే ముందురోజు, శనివారం ఉదయం, కాఫీ తాగి బొద్దింకల పొగమందు డబ్బాలు బల్లమీద వరసగా పెట్టింది.

"ఏమిటవి?" అన్నాడు భర్త ఆర్మెనియో.

"పండగ శుభ్రం."

"అమ్మ పైనే ఉంది కదే. ఆవిడ ఉబ్బసానికి బొద్దింకలంటేనే పడదని డాక్టరన్నాడు. ఇక ఈ పొగ కూడానా?"

"తలుపేసుకుంటుందిలే."

అత్తగారు ఉర్సులినా ఒక నెల కింద, ఒక నెల పైన. ఇది పైవాళ్ల నెల. ఆ ఆలోచనను దియోలిండా ఎంగిలి కప్పులా పక్కకు నెట్టేసింది. బడి వంటగదిలో పనిచేసే మనిషి, బొద్దింకల సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఫ్రిజ్ మోటారు వెచ్చదనంలో, కాఫీ యంత్రం అడుగున గుంపుగా దాక్కుంటాయి. పొగ పెడితే చచ్చేవి కొన్నే, మిగతావి గొట్టాల వెంట పారిపోతాయి. అందుకే బడిలో ఎప్పుడూ పొగ పెట్టరు.

ఆమె పెట్టింది. సింకు గొట్టం పైకి వెళ్లే కంత కిందే ఒక డబ్బా ఉంచి, మీట నొక్కి, భర్తను తీసుకుని బయటికి నడిచింది.

ఆదివారం సాయంత్రం పైన హాలు కిటకిటలాడింది. తెల్లటి పట్టు పరిచిన బల్లమీద, కొవ్వొత్తుల మధ్య, వెండి కిరీటం. బల్ల పక్కనే ఉర్సులినా, ఎదురుగా దియోలిండా. 'నతాలియా, నీ కిరీటానికి కాళ్లొచ్చాయే!' ఏడాదిగా నూరి పెట్టుకున్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

జపమాల సగంలో ఉండగా అది వచ్చింది. కొవ్వొత్తి వెనకనుంచి మీసాలు ఆడిస్తూ, వెనకాల గుడ్లతిత్తి తగిలించుకుని, నిండు చూలాలిలా నెమ్మదిగా పట్టు మీదికి ఎక్కింది. దియోలిండా నోరు తెరిచింది.

ముసలి అరచెయ్యి ఒకటి వచ్చి బొద్దింక మీద వాలింది. ఉర్సులినా పెదవులమీద ప్రార్థన ఆగలేదు. కళ్లు మాత్రం పెద్దకోడలి మీదే నిలిచాయి.

అంతలో ఆవిడకు దగ్గు మొదలైంది. దగ్గు పిల్లికూతగా మారింది. ఒక చేతిలో పూసలు, రెండో చెయ్యి బల్లమీద. ఊపిరి అందకపోయినా ఆ చెయ్యి మాత్రం ఎత్తలేదు. దియోలిండా తనకు తెలియకుండానే లేచింది. అత్తగారి జేబులోంచి ఆస్తమా పంపు తీసి ఆవిడ నోటికి అందించింది. నూరి పెట్టుకున్న మాట మరిచిపోయి, ఆ ఛాతీ కుదుటపడేదాకా వీపు నిమిరింది.

అందరూ వెళ్లిపోయాక ఉర్సులినా చెయ్యి తిప్పి చూపించింది. నతాలియా అది చూసి దియోలిండా వైపు తిరిగింది.

"నిన్న సింకు కిందనుంచి మందు వాసనొచ్చింది. నువ్వేనా?"

"నేనే."

"కావాలనే చేశావా?"

"కావాలనే."

"ముసలావిడ ఊపిరి పోయుంటే?"

"నా పరువు పోయినప్పుడు నువ్వు నవ్వలేదూ?"

"ఆగండర్రా," అంది ఉర్సులినా చెయ్యి తుడుచుకుంటూ. "దియోలిండా, కిందటేడు నన్ను వెనక వరసలో కూర్చోబెట్టారే. చెయ్యి అందలేదు. అందుంటే దాన్నీ ఇలాగే మూసేసేదాన్ని."

దియోలిండా కుర్చీలో కూలబడింది. ఏడాదిగా ఏ కంటా రాని నీరు ఒక్కసారిగా పొంగింది.

నతాలియా ఆమె పక్కన కూర్చుంది. "అక్కా... నీ పండగప్పుడు నేనూ స్ప్రే కొట్టాను. జనం మేడమీదికీ వస్తారేమోనని. వంటిల్లంతా తడిచేలా."

ఇద్దరూ సింకు కింద కంత వైపు చూశారు.

"అంటే నా పాయసంలో నడిచింది..."

"మా ఇంటి దాల్చినచెక్కే అయ్యుంటుంది."

ముందు నవ్వింది ఉర్సులినా. "పగ పడితే వాటిమీద పట్టండి తల్లీ. మధ్యన నన్నెందుకు చంపుతారు?"

దియోలిండా కిందికెళ్లి బడిలో వాడేలాంటి బొద్దింకల జెల్ మందు, ఇనుప పీచు తెచ్చింది. ఇద్దరూ కలిసి ఫ్రిజ్ జరిపారు. కంతలో పీచు కుక్కారు. బీరువా మడతబందుల పక్కన బియ్యపు గింజంత చుక్కలు పెట్టారు.

"ఇక స్ప్రే జోలికి పోకు. ఆ వాసనుంటే అవి దీన్ని ముట్టవు. ఇది తిన్నది గూటికెళ్లి చస్తుంది, దాన్ని పీక్కు తిన్నవీ చస్తాయి." మరో చుక్క పెడుతూ దియోలిండా పళ్లు బిగించింది. "తినవే తల్లీ, కడుపునిండా తిను. నీ చుట్టాలందరికీ పంచు."

"అమ్మో, నీతో వైరం వద్దక్కా," అంటూ నతాలియా ఆమె భుజానికి తల ఆనించింది. "రేపు పాయసం నువ్వే చెయ్యవూ?"

"గీతలు నువ్వు గియ్యి. నడవకుండా చూసుకో."

వెళ్లే ముందు దియోలిండా అత్తగారి గదిలోకి తొంగి చూసింది. ఉర్సులినా నిద్రపోతోంది. ఊపిరి తిన్నగా ఆడుతోంది. దుప్పటి మీద కుడిచెయ్యి, ఇంకా దేన్నో కప్పుతున్నట్టే, బోర్లించి ఉంది. దియోలిండా ఆ చెయ్యిని ఒకసారి ముద్దుపెట్టుకుని, బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.