వంతెన కార్డు

మంగళవారం కోలెట్‌కి సెలవు. మిగతా రోజుల్లో ఊరంతా ముసుగుతన్ని పడుకున్న వేళకే యూనిఫాం తొడుక్కుని విమానాశ్రయానికి పోయే మనిషి, సెలవునాడు మాత్రం ఎనిమిదైతే గానీ లేవదు. ఆ రోజు ఆవలిస్తూ వంటింట్లోకి వచ్చేసరికి తల్లి బెర్నడీన్ అప్పటికే రై రొట్టె కాల్చి, సాసేజి ముక్కలు వేయించి, కాఫీ కాచి ఉంచింది. ఈస్టర్‌కి కొన్న, గొర్రెపిల్ల ఆకారంలో పోతపోసిన వెన్న జూన్ వచ్చినా ఇంకా పూర్తికాలేదు. తల ఎప్పుడో తినేశారు. వెనకభాగం ఒక్కటే పళ్ళెంలో మిగిలింది.

"ఆ వెన్న పారెయ్యమ్మా, వాసనొస్తోంది."

"నీ ముక్కుకే వస్తుందది. కూర్చుని తిను."

బఫెలో శివారులోని ఆ చిన్న ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే ఉంటారు. తల్లికి డెబ్భై మూడు. కూతురికి నలభై ఏడు, విడాకులైపోయి ఎనిమిదేళ్ళు. వెన్న గురించో, హీటరు గురించో రోజూ ఇలా ఒకరినొకరు దెప్పుకుంటే గానీ ఇద్దరికీ కాఫీ దిగదు. ఆ రోజు తేడా ఏమిటంటే, పంచదార డబ్బా పక్కన మూడు వస్తువులు వరసగా పేర్చి ఉన్నాయి. పాత డ్రైవింగ్ లైసెన్సు, గడువు దాటిపోయిన పాస్‌పోర్టు, వంతెన కార్డు.

"ఏంటివి? పొద్దున్నే పేకాటా?"

"నిన్న వేలరీ ఫోన్ చేసింది."

కోలెట్ చేతిలో కప్పు ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ క్రితం ఆమె తండ్రి నార్బర్ట్ ఇల్లూ వాకిలీ వదిలేసి వెళ్ళింది ఈ వేలరీ కోసమే. ఇద్దరూ ఫ్లోరిడాలో కాపురం ఉంటున్నారు. ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"మీ నాన్నకి ఊపిరితిత్తులు పూర్తిగా పోయాయంట. మహా అయితే పది రోజులు అంటున్నారు డాక్టర్లు. నన్ను రమ్మంటున్నాడు. ఏదో చెప్పాలంట."

"అంత చెప్పాలనుంటే ఫోన్లో ఏడవమను."

"చెప్పబోయాడే. మొహానికి ఊపిరి మిషను తగిలించారు. నాకు బుసబుస తప్ప ఏం వినపళ్ళేదు. పక్కన కూర్చుని చెవి పెడితే గానీ అర్థం కాదంది వేలరీ."

"నువ్వు వెళ్తావా? ఆయన కోసం?"

"వెళ్తాను. అందుకే నిన్ను అడుగుతున్నా. మీ కొత్త రూలు వచ్చిందిగా, మూల నక్షత్రం గుర్తు లేని పాత లైసెన్సు విమానానికి చెల్లదని. వీటిలో మీ దగ్గర ఏది పనికొస్తుందో చెప్పు."

అడగవలసిన మనిషినే అడిగింది బెర్నడీన్. భద్రతా తనిఖీకి ముందు, ప్రయాణికుల గుర్తింపు కార్డులు చూసే బల్ల దగ్గరే కోలెట్ ఉద్యోగం. ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

వంతెన కార్డు అంటే, వేలిముద్రలు తీసుకుని, కూర్చోబెట్టి ప్రశ్నలు వేసి, వీళ్ళు నమ్మదగ్గ ప్రయాణికులే అనుకున్నవాళ్ళకి అమెరికా, కెనడా ప్రభుత్వాలు రెండూ కలిసి ఇచ్చే కార్డు. గురువారం గురువారం స్నేహితురాలు ట్రూడీ కారులో సరిహద్దు నది మీది వంతెన దాటి, కెనడా వైపు బింగో ఆడి రావడానికి బెర్నడీన్ దాన్ని తీసుకుంది. ఆ ఊళ్ళో సగం మంది దగ్గర ఆ కార్డుంది. సగం మందీ దాన్ని వంతెనకే తప్ప ఇంకెక్కడా వాడరు. కానీ విమానాశ్రయంలో అది నిక్షేపంగా చెల్లుతుంది. అంతకుముందు రోజే కోలెట్ అలాంటివి అరడజను చూసి, 'వెళ్ళండి' అని పంపించింది.

కార్డు చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పింది. కళ్ళముందు ఒకటే కనిపించింది. తల్లి ఆ మనిషి మంచం పక్కన కూర్చుని చెయ్యి నిమురుతోంది. పక్కన వేలరీ ముక్కు చీదుకుంటోంది. క్రిస్మస్‌కి ఒక్క ముక్క రాయని మనిషి ఇప్పుడు పిలిస్తే ఈవిడ పెట్టె సర్దుకుని పరిగెత్తాలా? సిగ్గనేది ఉండక్కర్లేదా? కోలెట్‌కి ఒళ్ళు మండిపోయింది.

"పనికిరాదమ్మా. ఇది కారులో వంతెన దాటడానికే."

"నా ఫొటో ఉందిగా మరి?"

"ఫొటో ఉన్నవన్నీ చెల్లితే ఇంక నేనెందుకక్కడ? అందరి ముందూ లైన్లోంచి బయటికి పంపేస్తారు. పంపాల్సింది నేనే అయితే నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావ్?"

బెర్నడీన్ పర్సు దగ్గరికి లాక్కుంది.

"నువ్వు చెప్పాక ఇంకేముంది. ఆ పనిలో ఉన్నదానివి" అని కార్డు తీసి పర్సులో పెట్టుకుంది.

కోలెట్‌కి అబద్ధాలాడే అలవాటు లేదు. లేకపోయినా ఎంత చక్కగా ఆడిందో! గొంతు వణకలేదు, కాఫీ కూడా పూర్తిగా తాగింది.

ఆ వారమంతా ఆమె తల్లిని పువ్వుల్లో పెట్టి చూసుకుంది. కొత్త లైసెన్సు కోసం ఆఫీసుకి తనే కారులో తీసుకెళ్ళింది. లైసెన్సు పోస్టులో రావడానికి రెండు వారాలు పడుతుందనీ, అప్పటిదాకా ఇచ్చే కాగితం విమానానికి పనికిరాదనీ అక్కడి మనిషి చెబితే, "అయ్యో!" అని తల్లి భుజం మీద చెయ్యి వేసింది. సాయంత్రాలు ఆమెకిష్టమని బీట్‌రూట్ సూప్ కాచింది. ముందే వస్తుందేమోనని బెర్నడీన్ రోజూ పదకొండింటికల్లా కిటికీ దగ్గర చేరి పోస్టు బండి కోసం చూసేది. బండి వచ్చాక చెప్పుల్లేకుండానే వాకిట్లోకి పోయి, దుకాణాల ప్రకటనలు పట్టుకుని తిరిగొచ్చేది.

శుక్రవారం బెర్నడీన్ నల్ల చేతిపెట్టె తీసి రెండు జతల బట్టలు ఇస్త్రీ చేసి సర్దింది.

"లైసెన్సు వచ్చిందంటే వచ్చినట్టే బయల్దేరొచ్చు" అంది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కోలెట్‌కి చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే నాలుగు రోజులు ఎందుకు దాచావంటుంది. అంచేత "ఆ నీలం స్వెటరు కూడా పెట్టుకో, విమానంలో చలేస్తుంది" అని ఊరుకుంది.

శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. బెర్నడీన్ విన్నది. "ఎన్నింటికి?" అని ఒక్క మాట అడిగి పెట్టేసింది.

"పోయాడు. నిన్న కూడా అడిగాడంట, బెర్నీ బయల్దేరిందా అని."

కోలెట్ వెళ్ళి తల్లిని గట్టిగా పట్టుకుంది. "నువ్వేం చేస్తావమ్మా? రూల్స్ అలా ఏడిశాయి."

రూల్స్! ఆ రూల్స్ ఏ పాపమూ ఎరగవు. అయినా ఆ ముసలావిడ కూతురి వీపు నిమురుతూ, "నువ్వు బాధపడకే, నీ తప్పేముంది" అంది. ఆ మాట విన్నాక కోలెట్‌కి ఆ పూట అన్నం సహించలేదు. మర్నాటికి మళ్ళీ సహించింది. పోయినవాడు పోయాడు, ఇక ఈ సంగతి ఎవరికీ తెలియదు అనుకుంది.

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకి విమానాశ్రయంలో వరస తాడు పొడవునా నిండి ఉంది. కోలెట్‌ది ఒకటే పని, కార్డు తీసుకోవడం, మిషన్లో పెట్టడం, మొహం చూడడం, పంపడం. ఒక జంట వెళ్ళింది. ఎర్ర టోపీ పెద్దాయన వెళ్ళాడు. బల్ల మీద మరో కార్డు పడింది.

వంతెన కార్డు. పక్కన ముడతలు పడ్డ చెయ్యి.

కోలెట్ తలెత్తింది. ఎదురుగా నల్ల గౌనులో బెర్నడీన్. తాళ్ళకి అవతల, వీడ్కోలు చెప్పేవాళ్ళ మధ్య, ట్రూడీ చేతులు కట్టుకుని ఇటే చూస్తోంది.

"రేపు అంత్యక్రియలు" అంది బెర్నడీన్. "ట్రూడీ నిన్ననే డెన్వర్ నుంచి వచ్చింది. అమ్మమ్మయిందిగా, మనవరాల్ని చూసొచ్చింది. పోతూ వస్తూ ఏ కార్డు చూపించిందో తెలుసా?"

"అమ్మా... ఇక్కడ కాదు..."

"ఇక్కడే. నీ బల్ల దగ్గరే అడగాలి. చెప్పవే, ఇది చెల్లుతుందా, చెల్లదా?"

వెనక మనుషులు కదులుతున్నారు. సొంతవాళ్ళ కార్డు చూడకూడదన్నది అక్కడి పద్ధతి. కోలెట్ చెయ్యి పైకెత్తింది. పర్యవేక్షకుడు డెస్మండ్ వచ్చాడు.

"మా అమ్మ" అంది కోలెట్.

"ఓ, అమ్మగారా! రండి, నేను చూస్తాను." డెస్మండ్ కార్డు మిషన్లో పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. "అయిపోయింది. వెళ్ళండమ్మా."

"ఇంతేనా?" అంది బెర్నడీన్.

"ఇంతే. ఈ వంతెన కార్డులు మాకు రోజూ వస్తుంటాయి. రూలు మారినప్పుడు ఏవేవి చెల్లుతాయో మా అందరికీ క్లాసు చెప్పింది మీ అమ్మాయే. ఇంట్లో మీకు చెప్పలేదా?" అని మంచితనంగా నవ్వాడు.

"మా ఇంట్లో అన్నీ నెమ్మదిగా తెలుస్తాయి బాబూ" అని బెర్నడీన్ కార్డు తీసుకుని, చేతిపెట్టె లాక్కుంటూ లోపలికి నడిచింది. కూతురి వైపు చూడలేదు.

కోలెట్‌కి నిలువునా తల కొట్టేసినట్టయింది. పది నిమిషాలు విరామం అడిగి పరుగు తీసింది. ఫ్లోరిడాలోని టాంపాకి వెళ్ళే విమానం గేటు దగ్గర, గోడవారగా ఉన్న కుర్చీలో తల్లి ఒళ్ళో పర్సు పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, నీ కోసమే చేశాను. నిన్ను అంత ఏడిపించినవాడి దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంటావని..."

"చెయ్యి పట్టుకోడానికి నాకేం పిచ్చా?" బెర్నడీన్ గొంతు పెరగలేదు. "వాడు ఇల్లొదిలి పోయిన రోజు గుర్తుందా నీకు?"

"గుర్తులేకేం! ఆగస్టు. పెట్టెలు కారులో పడేసుకున్నాడు."

"నువ్వు వాకిట్లో నిలబడ్డావు. నా వైపు తిరిగి ఏమన్నావు?"

కోలెట్ వెతుక్కుంది. కారు రంగు గుర్తొచ్చింది, ఎండ గుర్తొచ్చింది. ఆ మాట మాత్రం గుర్తు రాలేదు.

"'నీ నోటికి భయపడే నాన్న పోతున్నాడు, ఇంత విషం ఎవరు భరిస్తారు' అన్నావు. పక్కింటివాళ్ళు విన్నారు. వాడూ విన్నాడు. విని, కాదనకుండా కారెక్కాడు."

"నేనా? నేనలా అన్నానా?"

"అన్నావు. మర్నాడు మామూలుగా కాఫీ ఇమ్మన్నావు. తర్వాత వేలరీ సంగతి తెలిసి వాణ్ణి తిట్టిపోశావే గానీ, నన్నన్నది మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా మనింట్లో గొంతు పెంచాలంటే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఊరికే వెన్న గురించి పోట్లాడతాను."

కోలెట్ పక్క కుర్చీలో కూర్చుంది.

"వాడు చెప్పాలనుకున్నదేంటో వేలరీ ఆ మొదటి ఫోన్లోనే చెప్పింది, నేనే నీకు చెప్పలేదు. 'తప్పంతా బెర్నీ మీద వేసి వచ్చాను, పిల్ల కూడా నమ్మింది, అది అబద్ధమని చెప్పాలి' అంటున్నాడంట. నువ్వెలాగూ రావు. నేను పక్కన కూర్చుని, వాడు చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసి తెచ్చి నీకు వినిపించాలనుకున్నా. అంతే నాకు కావాల్సింది. వాడి నోట్లోంచి నీ చెవిలో పడాలి."

"అమ్మా..." కోలెట్ ఏడుపు ఆపుకోలేకపోయింది. యూనిఫాంలో ఉన్న మనిషి వెక్కివెక్కి ఏడుస్తుంటే పక్క కుర్చీల వాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. "నీ తప్పేం లేదు. నేను చెబుతున్నా కదా. ఎప్పుడూ లేదు."

"ఇప్పుడు చెప్పకు."

"ఎందుకు?"

"పట్టుబడ్డావు కాబట్టి చెబుతున్నావు. అందులో నాకేం దక్కుతుంది?"

కోలెట్ తండ్రిని ఇన్నేళ్ళు అసహ్యించుకుంది తల్లి పక్షాన నిలబడ్డాననుకుంటూనే. అలా నిలబడే, తల్లికి దక్కాల్సిన ఒక్క మాటనీ తన చేతులతో తనే పాతిపెట్టింది. పైగా వారమంతా తల్లికి సూప్ కాచి పోసింది. ఈ ముక్క ఆమెకి ఇప్పుడు అర్థమైంది.

విమానం ఎక్కమని పిలుపు వచ్చింది. బెర్నడీన్ లేచి గౌను సర్దుకుంది. కూతురు చేతిపెట్టె అందుకోబోతే వద్దని తల ఊపి, వరసలో నిలబడింది. కోలెట్ పక్కనే కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయింది. ముందు ముగ్గురున్నారు. తర్వాత ఇద్దరు.

"మరి వాడి అంత్యక్రియలకి ఎందుకెళ్తున్నావమ్మా? ఇంకేముంది అక్కడ?"

"వేలరీ పక్కనే కూర్చుని విందంట, వాడు రోజూ ఏం గొణిగేవాడో. ఫోన్లో ముక్కే చెప్పింది, ఎదురుగా కూర్చుని అంతా దాని నోటి వెంట వింటాను. చూడు, నా మాట మీద సాక్ష్యానికి చివరికి ఆవిడ మిగిలింది నాకు."

వరసలో ఒక్కరే మిగిలారు.

"గురువారం మధ్యాహ్నం రెండింటికి దిగుతాను" అంది తల్లి, ముందుకే చూస్తూ. "నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి ట్రూడీ కారు తెస్తానంది."

"సరే అమ్మా."

"ట్రూడీని రావద్దని చెబుతాను."

అని, కూతురి జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.