గతౌరా వంగతోటలో తెల్లటి పొర

1987 జనవరి, ఆదివారం పొద్దున్న. తార్‌బహార్ పేటలో మందుల షాపు మేడమీద ఉన్న డిటెక్టివ్ విశ్వనాథం గదిలోకి వచ్చిన కనకమహాలక్ష్మి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా ఆయన అప్పలకొండ, రైల్వేలో గ్యాంగ్‌మన్ అండి. తన వంగతోటకి గడ్డి మందు కొట్టి చంపేసాడని పక్క తోట సింహాచలం కంప్లైంటు పెట్టాడు. డ్యూటీ ఆపేసారు. రేపు ఎంక్వైరీ. నౌకరీ పోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాల. ముగ్గురు పిల్లల్తో ఏటి సేస్తాను?"

అది ఏడుపు అయిపోయిన గొంతు. మూల బల్ల దగ్గర రాసుకుంటున్న అసిస్టెంటు తనూజకి ఆ గొంతుకే ఎక్కువ భయం వేసింది. ఇంట్లో మొదటి డిగ్రీ తనదే, కెమిస్ట్రీలో. అయినా చూడటం నేర్చుకున్నది మాత్రం విశ్వనాథం దగ్గరే అనుకుంటుంది.

"గడ్డి మందు ఆయన దగ్గరెందుకుంది?" అన్నాడు విశ్వనాథం.

"పట్టాల మజ్జన కొట్టడానికండి. ఆ డబ్బా ఈయన చార్జీలోనే ఉంటాది. ముందురోజే నీళ్ళ కాడ ఇద్దరూ మాటామాటా అనుకున్నారు."

మధ్యాహ్నానికి ముగ్గురూ గతౌరాలో పట్టాల పక్కన ఉన్న తోట దగ్గరికి చేరారు. సింహాచలం గూడ్స్ డ్రైవరు, రిటైరు కావడానికి రెండు నెలలుంది. మాటమాటకీ దగ్గుతూ గేటు తీశాడు.

"చలి సార్. పాలా పడి, అదే మంచు పేరుకుని, మొక్కలు మాడిపోతాయని ఆ పొద్దు గడ్డి తగలెట్టి పొగేసాను. వెలుగొచ్చేదాకా ఇక్కడే కూకున్నాను. నేను డ్యూటీకెళ్ళాక ఆ అప్పలకొండ వచ్చి కొట్టుంటాడు."

"అచ్ఛా," అన్నాడు విశ్వనాథం.

తోట మూడు మూలల్లో గడ్డి బూడిద ఉంది. అక్కడి వంగమొక్కలు కాస్త మసిపట్టినా బతికే ఉన్నాయి. నాలుగో మూల బూడిద లేదు. నేలమీద పళ్ళెమంత మేర తెల్లటి పొర. అక్కడి నుంచి విసనకర్రలా వెడల్పవుతూ మొక్కలు మాడిపోయాయి. నిలువెత్తు మునగచెట్టు ఆకు కూడా పైనుంచి గోధుమరంగుకి తిరిగింది.

కంచె అవతలి మైదానంలో సైనికులు పొగతెరల అభ్యాసం చేస్తారు. "వాళ్ళ పొగే ఇటొచ్చిందేమో సార్," అంది తనూజ.

"అలాగైతే ముందు కంచె పక్క జామచెట్టుకి తగలాలి. పచ్చగా ఉంది చూడు. ఇక్కడి మట్టీ, జామచెట్టు కింద మట్టీ వేరువేరుగా కట్టు."

ఆ సాయంత్రం తను చదివిన కాలేజీ మేష్టారిని బతిమాలి, తనూజ ల్యాబ్ తాళం తీయించింది.

సోమవారం ట్రాక్ ఇన్‌స్పెక్టర్ ఆదినారాయణ, విశ్వనాథం కోరినట్టు ఎంక్వైరీ తోటలోనే పెట్టాడు. అప్పలకొండ భార్య పక్కన నిలబడ్డాడు.

"ఇది గడ్డి మందు పని కాదు," అన్నాడు విశ్వనాథం. "తనూజా, చెప్పు."

"తెల్లటి పొర దగ్గర మట్టిలో జింకు విపరీతంగా ఉంది సార్. జామచెట్టు కింద మామూలే. సైనికుల పొగడబ్బాలో జింకు ఉంటుంది. ఆ పొగ మంచుతో తడిసిన ఆకుమీద వాలితే ఆకు కాలిపోతుంది. మట్టిలో దిగిన జింకు తొందరగా పోదు."

"పొగ బయలుదేరింది ఈ మూల నుంచి," అన్నాడు విశ్వనాథం. "గడ్డి కుప్ప ఉండాల్సిన చోట డబ్బా పెట్టారు. ఆ పొద్దు ఇక్కడ కూర్చున్నది ఒక్కడే, ఆ పొగ పీల్చి ఇంకా దగ్గుతున్నదీ అతనే. సింహాచలంగారూ, డబ్బా ఎక్కడ దొరికింది?"

సింహాచలం చాలాసేపు దగ్గాడు.

"మైదానంలో. పేలకుండా పడుంది. మూడు కుప్పలకే గడ్డి సరిపోయింది. గడ్డి పొగకే చలి ఆగుతాదంటే మిలిటరీ పొగ ఇంకా గట్టిగా ఆపుతాదనుకున్నాను. పొద్దెక్కేసరికి ఇదీ సంగతి. ఏటైందని అందరూ అడిగారు. మిలిటరీ సామాను ముట్టానంటే నా సర్వీసంతా బూడిదే. ఈడి పేరు నోటికొచ్చేసింది."

"పదకొండేళ్ళు ఒకే బోరు నీళ్ళు వాడాం," అన్నాడు అప్పలకొండ. "గడ్డి లేదంటే ఇద్దును కదా."

ఆదినారాయణ కాగితం మీద సంతకం పెట్టాడు. "రేపు ఆరింటికి డ్యూటీ."

"ఈ మట్టిలో మళ్ళీ ఏటైనా మొలుస్తాదా బాబూ?" అనడిగింది కనకమహాలక్ష్మి.

"పైమట్టి తవ్వి తీసేసి సున్నం కలపాలమ్మా. అయినా ఏడాది పైనే పడుతుంది," అన్నాడు విశ్వనాథం.

కేసు గెలిచామన్న సంతోషం కోసం తనూజ లోపల వెతుక్కుంది. దొరకలేదు. సింహాచలం గేటు దాకా వచ్చి "ఒరే కొండా" అన్నాడు. అప్పలకొండ విన్నాడు. వెనక్కి తిరక్కుండా భార్యతో, "పద, పెందరాళే లేవాల," అని పట్టాల వెంట నడిచాడు.