గాత్రపేటిలో ఐదో పొర

"ఇంకాస్త మెత్తగా, రాజ్యం గారూ. పక్కగదిలో పసిపిల్ల పడుకున్నట్టు పాడండి," అంది డాక్టర్ నీరద, అద్దం అవతలి నుంచి.

"పసిపిల్ల పడుకుంటే నేను పాడను గదమ్మా. పాడితే లేస్తది," అంది రాజ్యం.

నీరద నవ్వుతూనే మీట నొక్కింది. రాజ్యం 'ఆ' అంది. ఆ 'ఆ' గోడల్లోకి ఇంకిపోయింది. విజయవాడ శివార్లలో కట్టిన ఆ స్వరశాలలో గోడలన్నిటికీ మెత్తలు తొడిగారు. పాడిన పాట పాడినవాళ్ళ చెవికి తిరిగి రాదు. ముప్పై ఏళ్ళు మైదానాల్లో పాడిన మనిషికి ఆ గది నచ్చలేదు. నచ్చలేదని పొద్దుటి నుంచీ చెబుతూనే ఉంది.

ఇంతకీ అక్కడ ఏం జరుగుతోందో చెప్పాలి. గాత్రపేటి చూడటానికి హార్మనీ లాంటి మెట్లున్న మామూలు కీబోర్డే. ఒక మనిషి గొంతులోంచి ఒక్కొక్క స్వరాన్నీ విడిగా రికార్డు చేస్తారు. ఆ ముక్క పేరు శాంపిల్. ఏ శాంపిల్ ఏ మెట్టు మీద కూర్చోవాలో నిర్ణయించడం మ్యాపింగ్. మనిషి ఒకే స్వరాన్ని ఎప్పుడూ ఒకే జోరుతో పాడడు గనక, ప్రతి స్వరాన్నీ గుసగుస నుంచి గర్జన దాకా ఐదు రకాలుగా పాడించి, ఒకదాని కింద ఒకటి ఐదు పొరలుగా పేరుస్తారు. వేలు మెత్తగా తగిలితే మొదటి పొర పలుకుతుంది. గట్టిగా గుద్దితే ఐదోది లేస్తుంది.

ఇదంతా పాత విద్యే. నీరద కొత్తగా కనిపెట్టింది మాట తగిలించడం. పద్యాన్ని టైపు చేసి పెడితే చాలు, మెట్టు నొక్కినప్పుడల్లా తరవాతి అక్షరాన్ని పెట్టె ఆ గొంతుకు తనే తగిలిస్తుంది. గాయకురాలు ఇవ్వాల్సింది వట్టి 'ఆ' మాత్రమే. ఇక ఆ మనిషి నిద్రపోయినా, ఊరెళ్ళినా, చచ్చిపోయినా పద్యం ఆగదు.

పసుపులేటి రాజ్యం గిరిజా నాట్యమండలిలో రాజు వేషం కడుతుంది. తెనాలి చుట్టుపక్కల మీసం పెట్టిన రాజ్యాన్ని ఎరగని మైదానం లేదు. మండలిలో అందరూ ఆవిణ్ణి 'రాజుగారూ' అనే పిలుస్తారు. వాళ్ళ నాటకం 'కోటగుమ్మం'. అందులో రాజు మహాదాత. మొదటి రంగంలో అడిగినవాడికి అడిగిందల్లా ఇస్తాడు. ఆఖరి రంగంలో సుల్తాను వచ్చి కోట అడిగితే మాత్రం గుమ్మంలో నిలబడి 'ఇవ్వను' అని పద్యం ముగిస్తాడు. ఆ ఒక్కమాట మీద రాజ్యం రాగం తీస్తే జనం 'వన్స్ మోర్' అని లేచేవాళ్ళు. పద్యనాటకంలో జనం మాటే శాసనం. ఓసారి కత్తిపోటు తిని చచ్చిపడ్డాక అరిచారు. రాజ్యం లేచి, మీసానికి అంటిన దుమ్ము దులుపుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చింది. రెండోసారి పాడింది మొదటిసారి పాడినట్టు ఉండదు. జనం అడిగేదే అందుకు.

అలాంటి మనిషి పెట్టెకు గొంతివ్వడానికి ఎందుకు ఒప్పుకుందంటే, రోషం. "పెట్టెలో పడే గొంతా నాది? పట్టమను చూద్దాం," అని వచ్చింది.

నాలుగు పొరలు పూర్తయ్యాయి. భోజనాల వేళకు మండలి మేనేజరు చలం వచ్చాడు. వరసకు రాజ్యానికి తమ్ముడే.

"రాజుగారూ, ఒక మాట. మీరు కోప్పడకూడదు," అన్నాడు పెరుగన్నం కలుపుతూ.

"ముందే అట్టా అన్నావంటే అది కోప్పడే మాటే. చెప్పు."

"ఇక నుంచీ వేషం లోహిత్ కడతాడు. కుర్రాడు చూడటానికి రాజులా ఉంటాడు. పెదాలు కదిపితే చాలు. మస్తాను హార్మనీ బదులు పెట్టె వాయిస్తాడు. గొంతు మీదే గదా."

"మరి నేను?"

"ముందు వరసలో కుర్చీ. శాలువా."

"నేను పాడితే ఏమవుద్దిరా?"

చలం ముద్ద కిందపెట్టాడు. "పాడకూడదంట. ఒకే గొంతు రెండుచోట్ల ఉంటే పెట్టెకు విలువేముంటదని కంపెనీవాళ్ళ మాట. ప్రతి హాల్లోనూ వాళ్ళ యంత్రం చెవి ఒకటి వేలాడుతుంటది. మీ గొంతు వినపడిందా, పెట్టెలో ఉన్నదాంతో పోల్చి కేసు పెడతారు. సంతకాలు అయిపోయినయ్. మీరూ పెట్టారు."

పెట్టింది నిజమే. తమ్ముడు చూపించినచోట పెట్టింది. రాజ్యానికి ఒళ్ళు మండిపోయింది. విస్తరి ముందు నుంచి లేచి అద్దం దగ్గరికి పోయింది.

"ఏమ్మా, నీకు తెలుసా ఈ సంగతి?"

నీరద తల దించుకుంది. "షరతు నేను పెట్టలేదండీ. కంపెనీ పెట్టింది. మీ గొంతు పోకుండా ఉండాలన్నదే నా ఆశ."

"పోకుండా ఉండటమంటే, నేను పాడకుండా ఉండటమా?"

నీరద మళ్ళీ మీట మీద చెయ్యి వేసింది. "ఐదో పొర మిగిలింది. ఎంత గట్టిగా పాడగలిగితే అంత," అంది నెమ్మదిగా.

"వట్టి 'ఆ' మీద నాకు రౌద్రం రాదు. మాట కావాలి."

"ఏ మాటైనా ఫరవాలేదు. సాఫ్ట్‌వేర్ మాటను కోసేసి అచ్చును ఉంచుకుంటుంది."

రాజ్యం మైకు ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. మీసం లేకపోయినా పైపెదవి మీద వేలు రాసింది. కింది షడ్జమం దగ్గర మొదలుపెట్టి ఒక్కో స్వరం మీదా ఒకటే మాట పాడింది.

"ఇవ్వను!"

ఆ మాట సుల్తానుకు కాదు. అద్దం అవతల ఉన్నవాళ్ళకు, అన్నం ముందు కూర్చున్న తమ్ముడికి. మెట్టు మెట్టుకూ కోపం పెరుగుతూ పోయింది. తారస్థాయికి చేరేసరికి చలం చెయ్యి కడుక్కోకుండానే బయటికి వెళ్ళిపోయాడు.

సాఫ్ట్‌వేర్ శ్రుతి చూసింది, సరిపోయింది. జోరు చూసింది, సరిపోయింది. ఇక మాటను కోయాలంటే గొంతు నిలకడగా ఉన్నచోటు దొరకాలి. రాజ్యం అలాంటి చోటు ఎక్కడా మిగల్చలేదు. మాటంతా జిలేబీలా చుట్టలు చుట్టుకుని ఉంది. ఎక్కడ కోయాలో తోచక సాఫ్ట్‌వేర్ దాన్ని అలాగే వదిలేసి పచ్చలైటు వెలిగించింది. పచ్చలైటు వెలిగాక మళ్ళీ వినే ఓపిక ఎవరికుంటుంది? నీరద వాయించి చూసింది నిజమే. కానీ లాప్‌టాప్‌కు అలవాటైన వేళ్ళు ఆమెవి. ఎంత నొక్కినా నాలుగో పొర దాటలేదు.

కృష్ణ ఒడ్డున కొత్త ఆడిటోరియంలో మొదటి ప్రదర్శన. డ్రైవర్లు లేని ఆటోలు వరసగా వచ్చి జనాన్ని దింపి వెళుతున్నాయి. కంపెనీ పెద్దలు వచ్చారు. రాజ్యానికి శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళుగా అదే వేళకు మీసం అంటించుకునే మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక శాలువా కొంగు నలుపుతూ కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగినందుకు తననే తిట్టుకుంది.

తెర లేచింది. దర్బారు. లోహిత్ నిజంగానే రాజులా ఉన్నాడు. పేదకవి వేషధారి వచ్చి, "మహాప్రభూ, ఒక అగ్రహారం ఇప్పించండి," అన్నాడు. రాజు చిరునవ్వు నవ్వి, చెయ్యి చాపి, దానపద్యం ఎత్తుకోవాలి.

పెట్టె ముందు మస్తాన్ వలీ ఉన్నాడు. మండలికి పాత హార్మనిస్టు, రాజ్యం పాటకు ఇన్నేళ్ళూ శ్రుతి పట్టినవాడు. హార్మనీలో జోరంతా తిత్తిది. వేలు మెత్తగా పెట్టినా గుద్దినా మెట్టు ఒకేలా పలుకుతుంది. అందుకే నాటకాల హార్మనిస్టులు ఊపు కోసం మెట్ల మీద వేళ్ళతో దరువేస్తారు. మస్తాన్ బిస్మిల్లా అనుకుని, ఎప్పటిలాగే మొదటి మెట్టును ఫట్మని కొట్టాడు.

"ఇవ్వను!" అంది గాత్రపేటి.

అక్కడ అప్పటికే మాట ఉంది గనక పెట్టె పద్యంలో అక్షరం తగిలించలేదు. మస్తాన్ కంగారుపడి రెండో మెట్టు ఇంకా గట్టిగా కొట్టాడు. "ఇవ్వను!" మూడోది. "ఇవ్వను!" మహాదాత చిరునవ్వు చిందిస్తూ, రెండు చేతులూ చాచి, ఇవ్వనంటే ఇవ్వనని రాగాలు తీస్తున్నాడు.

పేదకవికి ఏం చెయ్యాలో తోచలేదు. నాటకాన్ని నిలబెడదామని, "పోనీ ప్రభూ, ఒక ఆవు?" అన్నాడు.

"ఇవ్వను!"

"కట్టుకోను పంచె?"

"ఇవ్వనూ!"

హాలు గొల్లుమంది. కుర్చీల మీద నిలబడి ఈలలు వేశారు. 'వన్స్ మోర్' కేకలతో కప్పు ఎగిరింది. మస్తాన్ మళ్ళీ వాయించాడు. మళ్ళీ అడిగారు, మళ్ళీ వాయించాడు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు.

"ఇదేందయ్యా, ముమ్మారూ ఒకటే ఇదిగా ఉంది! మా రాజ్యమైతే మూడుసార్లూ మూడు రకాలుగా పాడేది. ఆమేది? లెమ్మనండి!"

హాలంతా ముందు వరస వైపు తిరిగింది. రాజ్యం లేచింది. చలం పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నాళ్ళకో వరస పెట్టి పిలిచాడు. "అక్కా, వద్దే! మండలి మొత్తం మునిగిపోద్ది!" పైన యంత్రం చెవి ఎర్రగా మెరుస్తోంది. ఆ చెవిని చూసి కాదు, మండలిలో ఉన్నవాళ్ళ ముఖాలు చూసి, రాజ్యం నోరు మూసుకుని కూర్చుంది. తెర దించేశారు.

ఆ తరవాత జరిగిందే వింత. ఆ వీడియో ఊరూరా తిరిగింది. కంపెనీ ముందు సిగ్గుపడింది, తరవాత ఆలోచించింది. ఐదో పొరను విడదీసి, ఎవరి ఫోన్లోనైనా వాయించుకునేలా అమ్మకానికి పెట్టింది. పొలాల్లో రోడ్డు కొలతలకు వచ్చినవాళ్ళ ముందు రైతులు వాయించారు. ఇల్లు ఖాళీ చెయ్యమన్న యజమాని ముందు అద్దెకున్నవాళ్ళు వాయించారు. మూసేస్తామన్న మిల్లు గేటు ముందు ఆడకూలీలంతా ఒక్కసారి వాయిస్తే ఆఫీసువాళ్ళు కిటికీలు మూసుకున్నారట. రాష్ట్రంలో నోరు పెగలని ప్రతివాడికీ రాజ్యం గొంతు దొరికింది. ఎటొచ్చీ రాజ్యానికే దాన్ని వాడుకునే హక్కు లేదు.

ఓ సాయంత్రం మండలి రిహార్సల్ షెడ్డుకు కంపెనీ లాయరు వచ్చాడు. వెంట నీరద ఉంది, ముఖం పీక్కుపోయి.

"అమ్మా, 'ఇవ్వను' బాగా పోతోంది. ఇదే కోపంతో ఇంకో పది మాటలు కావాలి. 'రాను', 'ఒప్పుకోను', 'కదలను' లాంటివి. మీ కోపం మొత్తం మాకివ్వండి," అన్నాడు లాయరు.

రాజ్యం అతని వంక తేరిపార చూసింది. మామూలు గొంతుతోనే, "ఇవ్వను," అంది.

లాయరు నవ్వాడు. "ఆ మాట మాదండీ. మీరు మామూలుగా అంటే ఫరవాలేదు. పాడితే మటుకు కేసు." ఫోన్లో యంత్రం చెవి తెరిచి బల్ల మీద పెట్టాడు.

"రాజుగారూ, ఊరుకోండి," అన్నాడు చలం.

"ఇన్నాళ్ళూ ఊరుకున్నా గదరా. నోరు మూసుకుంటే బతికినట్టేనా? నా కోపం కూడా నాది కాదంట, విన్నావా?"

మూల నుంచి సన్నగా శ్రుతి వినిపించింది. మస్తాన్ పాత హార్మనీ తిత్తి లాగుతున్నాడు. రాజ్యం కాళ్ళు ఎడంగా పెట్టి, పైపెదవి మీద వేలు రాసి, ఎత్తుకుంది.

"ఇవ్వను!"

ఆ రోజు మెత్తల గదిలో పాడినట్టు కాదిది. అప్పుడు వట్టి మంట. ఇప్పుడు అందులో ముందు వరస కుర్చీ ఉంది, శాలువా ఉంది, మిల్లు గేటు ముందు ఆడవాళ్ళున్నారు. కింద మొదలై, ఎక్కడా ఎక్కనట్టే ఎక్కి, రేకుల కప్పును తాకి దిగింది. లాయరు ఫోన్ అందుకుని చూశాడు. దులిపి మళ్ళీ చూశాడు.

ఫోన్ పెట్టెలోని రాజ్యంతో ఈ గొంతును పోల్చింది. మెట్టు మెట్టుకూ, పొర పొరకూ పోల్చి, తీర్పు చెప్పింది: 'ఈ గొంతు పసుపులేటి రాజ్యానిది కాదు.'

"ఇదేమిటి డాక్టర్‌గారూ?" అన్నాడు లాయరు.

నీరద తను తయారుచేసిన యంత్రం చెప్పిన మాటను చదివింది. తరవాత లాయరు పక్క నుంచి లేచి వెళ్ళి, షెడ్డులో జనం కూర్చునే చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"వన్స్ మోర్!" అంది.